మాక్ 2నా, సూపర్‌స్ట్రీటా? ఎలక్ట్రిక్ బైక్‌లో పికప్ కంటే ముందు చూడాల్సింది మణికట్టు

ఎలక్ట్రిక్ బైక్ కొనాలనుకునేవాళ్లు ఈ మధ్య అడుగుతున్న ప్రశ్న దాదాపు ఒకటే. మూడు, నాలుగు లక్షలు పెట్టగలిగితే అల్ట్రావయొలెట్ ఎఫ్77లో మాక్ 2 తీసుకోవాలా, సూపర్‌స్ట్రీట్ తీసుకోవాలా? అంత పెట్టలేకపోతే రివోల్ట్, ఒబెన్ రోర్ లాంటివి సరిపోతాయా? పికప్ ఉండాలి, ఇంటికొచ్చాక నడుము పట్టెయ్యకూడదు, ఈ రెండూ కుదిరే బండి ఏది? ఈ లెక్కలన్నీ వేసుకుని నేను సూపర్‌స్ట్రీట్ తీసుకున్నాను కాబట్టి నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోయింది. దాని వెనక కారణం మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి.

ఈ రెండు ఎఫ్77లకీ మోటార్ ఒకటే, బ్యాటరీ ఒకటే. పెద్ద బ్యాటరీ వచ్చే రీకాన్ మోడల్ చూస్తే 10.3 యూనిట్ల బ్యాటరీ, 30 కిలోవాట్ల మోటార్, 100 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. నిలబడ్డ చోటి నుంచి 60 వేగం అందుకోవడానికి కంపెనీ చెప్పేది 2.8 సెకన్లు, టాప్ స్పీడ్ 155. మాక్ 2 వచ్చింది 2024 ఏప్రిల్‌లో, సూపర్‌స్ట్రీట్ 2025 ఫిబ్రవరిలో. అసలు తేడా హ్యాండిల్‌లో ఉంది. మాక్ 2కి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకే బిగించిన క్లిప్ ఆన్ హ్యాండిల్, దాన్ని పట్టుకోవాలంటే ముందుకు వంగాలి. సూపర్‌స్ట్రీట్‌కి ఎత్తుగా, మన వైపు జరిగి ఉన్న మామూలు హ్యాండిల్. చాలామంది దీన్ని లుక్కు సంగతిగా తీసిపారేస్తారు. నా దృష్టిలో ఈ బండి మీ జీవితంలో ఎలా ఉండబోతోందో తేల్చేది ఇదే.

పెట్రోల్ స్పోర్ట్స్ బైకులకీ క్లిప్ ఆన్లు ఉంటాయి, కొన్నాళ్లకి అలవాటైపోతుంది అంటారు. ఎలక్ట్రిక్‌లో దీనికి ఇంకొకటి తోడవుతుంది. యాక్సిలరేటర్ వదలగానే మోటారే జనరేటర్‌గా మారి బండిని ఆపుతూ బ్యాటరీలోకి కరెంటు తిరిగి పంపుతుంది. రీజెన్ అంటున్నది దీన్నే. ఎఫ్77లో దీనికి 10 లెవెల్స్ ఉన్నాయి. బాగా పెంచి పెట్టుకుంటే బ్రేకు పట్టే పని సగానికి సగం తగ్గిపోతుంది, సిటీలో అది చాలా హాయి. కానీ బండి ఆగుతుంటే ఒళ్లు ఆగదు కదా, ముందుకు వెళ్తుంది. ఆ బరువును మోకాళ్లతో ట్యాంకుని నొక్కి ఆపుకోవాలి, లేదంటే అదంతా అరచేతుల మీద పడుతుంది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా సాయంత్రం ట్రాఫిక్‌లో ఎన్నిసార్లు యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇస్తామో ఆలోచించండి. వదిలిన ప్రతిసారీ ఒక చిన్న తోపు. ముందే ముందుకు వంగి కూర్చున్న మనిషికి ఆ తోపు నేరుగా మణికట్టుకే తగులుతుంది. మొదట అరచేతి మడమ దగ్గర నొప్పి మొదలవుతుంది, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి, ఎందుకంటే ఆ రెండు వేళ్లకీ వెళ్లే నరం అక్కడే నలుగుతుంది. అప్పుడు ఎవరైనా చేసేది ఒకటే, రీజెన్ తగ్గించేసుకోవడం. తగ్గిస్తే చెయ్యికి ఊరటే కానీ, వెనక్కి రావాల్సిన కరెంటు బ్రేకుల్లో వేడిగా పోతుంది. అంటే సుఖం సరిగ్గా లేకపోతే మైలేజ్ కూడా పడిపోతుంది. కాగితం మీద ఒకేలా ఉన్న రెండు బండ్లు సిటీలో వేరుపడేది ఇక్కడే. సూపర్‌స్ట్రీట్‌లో నిటారుగా కూర్చుంటాం కాబట్టి అదే రీజెన్‌ని నడుము, తొడలు తీసుకుంటాయి, లెవెల్ పైనే ఉంచుకుని రోజంతా తిరగొచ్చు.

ఇక మాక్ 2 వైపు న్యాయం కూడా చెప్పాలి. హైవే ఎక్కితే లెక్క మారుతుంది. గాలిని చీల్చుకుంటూ వెళ్లడానికి కిలోమీటరుకు పట్టే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60లో వెళ్లేదానికంటే 80లో గాలి ఒక్కదానికే దాదాపు 78 శాతం ఎక్కువ ఖర్చవుతుంది. నిటారుగా కూర్చున్న ఛాతీకి గాలి ఎక్కువ తగులుతుంది కాబట్టి సూపర్‌స్ట్రీట్ అక్కడ కొంత నష్టపోతుంది. పైగా 100 దాటాక క్లిప్ ఆన్ మీద వంగినవాడికి ఎదురుగాలే ఛాతీని కాస్త పైకి పట్టుకుంటుంది, చేతుల మీద బరువు తేలికవుతుంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకుకో, కోయంబత్తూరు ట్రాకుకో నిజంగా వెళ్లేవాళ్లుంటే మాక్ 2 తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. కానీ మన రోడ్ల మీద? నాలుగు లేన్ల హైవేలో కూడా టూవీలర్‌కి కేంద్రం పెట్టిన పరిమితి 80. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లని అసలు రానివ్వరు. 155 వేగం చూపించడానికి చోటు లేనప్పుడు దానికోసం రోజూ వంగి కూర్చోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

రేంజ్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 10.3 యూనిట్లకి ప్రకటించిన రేంజ్ 323 కిలోమీటర్లు. యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు, భాగించి చూడండి, కిలోమీటరుకి 32 వాట్ అవర్లు. అది టెస్టు లెక్క, తక్కువ వేగాల్లో వచ్చేది. విజయవాడ రోడ్డు మీద 80లో నిలకడగా వెళ్తే అంత తక్కువతో పోదు. కిలోమీటరుకి 50 పడిందనుకుంటే 206 కిలోమీటర్లు వస్తాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు కాబట్టి సూర్యాపేట దగ్గర ఎలాగూ ఆగాలి. మాక్ 2 అయినా ఆగాల్సిందే, సూపర్‌స్ట్రీట్ అయినా ఆగాల్సిందే. వంగి ఆదా చేసిన కరెంటు ఆ ఆగడాన్ని తప్పించదు.

కమ్యూటర్ బండ్ల, అంటే రోజూ ఆఫీసుకి తిరిగే మామూలు బండ్ల సంగతికొస్తే అక్కడ సుఖం సమస్య హ్యాండిల్ కాదు. రివోల్ట్ ఆర్‌వీ400 బరువు 108 కేజీలే, ఎఫ్77 రీకాన్ 207. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మూలకి పెట్టిన బండిని వాలు మీద వెనక్కి లాగేవాడికి ఈ తేడా ప్రతి పొద్దునా తెలుస్తుంది. ఆర్‌వీ400లో బ్యాటరీ తీసి ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవచ్చు, సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ ఇవ్వని అసోసియేషన్ల మధ్య బతికేవాళ్లకి ఇంతకంటే పెద్ద సౌకర్యం లేదు. 3.24 యూనిట్లతో ఎకో మోడ్‌లో 150 అంటారు, స్పోర్ట్‌లో 80. రోజూ ఆఫీసుకి ముప్పై, నలభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకి స్పోర్ట్‌లో నడిపినా సరిపోతుంది. ఒబెన్ రోర్ 4.4 యూనిట్ల బ్యాటరీతో వస్తుంది. అందులో ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ వాడతారు, మన ఎండలకి ఆ రకం సెల్స్ తట్టుకుంటాయి. కమ్యూటర్లలో నన్ను ఒకటి చెప్పమంటే దాని వైపే చూపిస్తాను.

ఈ తరగతిలో తగ్గేది పికప్ కాదు, మిగులు. సిటీలో సిగ్నల్ పడగానే ఇవీ చురుగ్గానే లేస్తాయి. డివైడర్ లేని రోడ్డు మీద 60లో వెళ్తున్న లారీని దాటాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. టాప్ స్పీడ్ 85 ఉన్న ఆర్‌వీ400కి 65 నుంచి 80కి వెళ్లేసరికి శక్తి అయిపోవస్తుంది, ఎదురుగా బస్సు కనిపిస్తే వెనక్కి తగ్గాల్సిందే. ఎఫ్77కి అక్కడ ఇంకా సగం పైనే మిగిలి ఉంటుంది. ఆ మిగులు వల్ల మనసుకి దొరికే నిదానం కూడా సుఖమే, దాన్ని నేను కొట్టిపారెయ్యను. ఊరికి తరచుగా బండి మీద వెళ్లేవాళ్లు కమ్యూటర్ కొనే ముందు ఇది తప్పకుండా ఆలోచించుకోవాలి. ఇంకో మాట, బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో వేసేది పీక్ పవర్. అది కాసేపే దొరుకుతుంది. మేలో రామగుండం, కొత్తగూడెం వైపు ఎండలో మోటారో బ్యాటరీయో బాగా వేడెక్కితే మోటారుకి కరెంటు ఎంత పంపాలో చూసే కంట్రోలర్ తనంతట తానే పవర్ తగ్గిస్తుంది. నిలకడగా ఎంత ఇస్తుందని షోరూమ్‌లో అడగండి.

వెనక కూర్చునే మనిషి సంగతి ఎవరూ అడగరు, అడగాలి. ఎఫ్77 రెండిట్లోనూ వెనక సీటు చిన్నది, ఎత్తుగా ఉంటుంది. చీర కట్టుకుని ఒకవైపుకి కూర్చునే అమ్మనో అత్తయ్యనో రోజూ తీసుకెళ్లాలంటే అది కుదిరే పని కాదు. రివోల్ట్ ఆర్‌వీ1 లాంటి పొడవాటి సీటు బండి ఆ ఇంటికి మేలు, పికప్ గురించి మర్చిపోవాలి, అంతే.

మిగతావి క్లుప్తంగా. గేర్లు వెయ్యకపోతే బైక్ నడిపినట్టు ఉండదనేవాళ్లకి మ్యాటర్ ఏరా ఉంది, నాలుగు గేర్లు, లిక్విడ్ కూలింగ్. టార్క్ అనే కంపెనీ బండి క్రేటోస్ ఆర్ 105 వేగం దాకా వెళ్తుంది. హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీది ఈకోడ్రిఫ్ట్, 75 టాప్ స్పీడ్, అవసరానికి తగ్గ బండి. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ ఆఖరుదాకా మాఫీ చేశారు. అది అన్ని కంపెనీలకీ ఒకటే కాబట్టి పోలికలో తేడా తీసుకురాదు.

టెస్ట్ రైడ్‌లో షోరూమ్ చుట్టూ ఒక రౌండ్ వేసి పికప్ చూసి దిగిపోకండి. రీజెన్ పై లెవెల్‌లో పెట్టమని అడగండి, బాగా రద్దీగా ఉండే సమయంలో, మెత్తటి గ్లవ్స్ వేసుకోకుండా అరగంట తిప్పండి. గతుకుల రోడ్డు ఒకటి, వరుసగా స్పీడ్ బ్రేకర్లున్న కాలనీ ఒకటి అందులో ఉండేలా చూసుకోండి. సగం దూరం వెనకాల మీ ఇంటి మనిషిని ఎక్కించుకోండి. దిగాక మాక్ 2 మీద మీ చేతులకి ఏమీ అనిపించకపోతే నిశ్చింతగా అదే తీసుకోండి. తిమ్మిరి ఏ కొంచెం ఉన్నా సూపర్‌స్ట్రీట్ బుక్ చెయ్యండి.