కవాసాకి తగ్గాక ఒంటిమీద దద్దుర్లు: కొబ్బరి నూనా, ట్యూబా, డాక్టరా? ఏది మేలు?

మా బాబుకి నాలుగో ఏట కవాసాకి వచ్చింది, చిన్నపిల్లల్లో జ్వరంతో పాటు రక్తనాళాలు వాచే జబ్బు. కాకినాడలో ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) ఎక్కించాక జ్వరం దిగింది. అమలాపురం తీసుకొచ్చిన వారానికి గోళ్ల కింద నుంచి తోలు లేవడం మొదలైంది. ఉడికిన చిలగడదుంప పొట్టులా పల్చగా ఊడుతుంటే నా చేతులు వణికాయి. రెండు రోజులకి వీపంతా ఎర్రటి చుక్కలు.

అత్తయ్యగారు కొబ్బరి నూనె రాయమన్నారు. మెడికల్ షాపతను దురద ట్యూబు ఇచ్చాడు. మా ఆయన మళ్లీ కాకినాడ వెళ్దామన్నారు.

వేళ్లకైతే నూనే మేలు. ఈ జబ్బు మొదలైన రెండు మూడు వారాలకి వేళ్ల కొసలు పొట్టు లేవడం మామూలే, తిరగబెట్టినట్టు కాదు. లేచిన తోలు లాగితే పుండవుతుంది. వేలాడే ముక్కని చిన్న కత్తెరతో తీసేదాన్ని, అంతే.

వీపు మీదవి మాత్రం చెమటకాయలు. రోహిణి కార్తె ఉక్కలో నూనె రాస్తే చెమట రంధ్రాలు మూసుకుని ఇంకా ఎక్కువవుతాయి. చన్నీళ్ల స్నానం, పల్చటి నూలు చొక్కా చాలు.

ట్యూబు వద్దంటే వద్దు. ఇలాంటి వాటిలో చాలావరకు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. పసి చర్మం పల్చబడుతుంది, పైగా దద్దురు రూపు మారిపోయి డాక్టరుకి కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది.

మరి డాక్టరు ఎప్పుడు? దద్దుర్లతో పాటు జ్వరం 100.4 దాటినా, కళ్లు ఎర్రబడినా, పెదాలు పగిలినా ఆ రోజే వెళ్లాలి. గుండె రక్తనాళాలు ఉబ్బే జబ్బు ఇది. తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

అన్నిటికన్నా నాకు భయం నీటి పొక్కులంటే. మన వైపు అవి కనబడగానే ఆటలమ్మ పోసిందని వేపమండలు కట్టి, ఆసుపత్రి మాటే ఎత్తరు. కానీ కవాసాకి పిల్లలు వారాల తరబడి యాస్ప్రిన్ మీద ఉంటారు. ఆటలమ్మలోనూ ఫ్లూలోనూ ఆ మందు లోపల ఉంటే అరుదుగానైనా రే సిండ్రోమ్ వచ్చి కాలేయానికీ మెదడుకీ ముప్పు. వేపమండలు కట్టుకోండి, కాదనను. ముందు డాక్టరుకి ఫోన్ చేయండి. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, జ్వరానికని ఐబుప్రోఫెన్ కలపొద్దు.

ఎనిమిదో వారం ఎకోకి, అంటే గుండె స్కానింగ్‌కి, వెళ్లేసరికి వేళ్లకి కొత్త తోలు వచ్చింది. గోళ్ల మీద అడ్డంగా ఒక్కో గాడి మాత్రం మిగిలింది. అదీ ఈ జబ్బు గుర్తేనట. గోరు పెరిగేకొద్దీ ముందుకి జరిగి పోతుందన్నారు.