మెల్రోజ్: రాజు గుండె, మూడు కొండలు

ఎడిన్‌బరోలో రైలెక్కిన గంటకు ట్వీడ్‌బ్యాంక్‌లో దిగాము. 1969లో మూతపడిన ఈ మార్గాన్ని 2015లో ఇంతవరకే తిరిగి తెరిచారు కనుక, స్కాట్లండ్‌లోని చిన్న ఊరైన మెల్రోజ్‌కు మిగిలిన మూడు కిలోమీటర్లు బస్సులోనో కాలినడకనో వెళ్లాలి. ఆదివారం కావడంతో మేము బస్సు కోసం చాలాసేపు నిలబడవలసి వచ్చింది. సామాను తక్కువైతే నడకే మేలు.

ఊరికి ప్రాణం 1136లో మొదటి డేవిడ్ రాజు సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసుల కోసం స్థాపించిన మఠం. ఇంగ్లండు సరిహద్దుకు చేరువలో ఉన్నందున 1385లో ఇంగ్లండు సేనలు దానిని తగులబెట్టాయి. నేడు కనిపించే ఎర్రరాతి గోడల్లో ఎక్కువ భాగం ఆ తరువాత కట్టినవే. కప్పు అంచున బ్యాగ్‌పైప్ ఊదుతున్న పంది శిల్పాన్ని తలెత్తి వెతుక్కుని మరీ చూడాలి. రాళ్ల పటిష్ఠతను పరీక్షిస్తున్నందున కొన్నిచోట్ల కంచెలు కట్టారు, అయినా టికెట్టు డబ్బుకు లోటు కలగలేదు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది గడ్డిలోని ఒక గుండ్రని రాయి. 1329లో మరణించిన స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్ గుండెను వెంటబెట్టుకుని బయలుదేరిన ఆయన యోధుడు జేమ్స్ డగ్లస్ మరుసటి ఏడు స్పెయిన్ యుద్ధంలో నేలకొరగగా, ఆ గుండె తిరిగివచ్చి ఈ మఠానికి చేరిందని చెబుతారు. 1921లో బయటపడి, 1996లో మళ్లీ వెలికివచ్చిన సీసపు పేటికను తెరవకుండానే 1998లో ఇక్కడే పూడ్చిపెట్టారు. అందులో ఉన్నది బ్రూస్ గుండేనని రుజువు చేయలేకపోయినా, తెరవకుండా ఉంచడమే మర్యాద అనిపించింది.

ఊరి వెనుక ఉన్న ఐల్డన్ కొండను మాంత్రికుడు మైకేల్ స్కాట్ ఒక్క రాత్రిలో మూడు ముక్కలు చేయించాడని ఐతిహ్యం. ఆయన పదమూడో శతాబ్దపు పండితుడు. రోమన్లు అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే ఈ కొండల పక్కన కట్టిన కోటకు ‘త్రిమోంటియం’, అంటే మూడు కొండలు, అని పేరు పెట్టుకున్నారు! ఈ వైరుధ్యం కథ మీద నా ఇష్టాన్ని ఏమాత్రం తగ్గించలేదు. ఇక్కడి చెట్టు కింద దేవకన్యల రాణిని కలిసిన థామస్ అనే పాతకాలపు కవి ఏడేళ్లు ఆమె లోకంలో ఉండి, జోస్యం చెప్పే వరంతో తిరిగివచ్చాడంటారు. ఆ చెట్టు ఉండిన చోట ఇప్పుడొక రాయి ఉంది.

మేము దిగిన పాతకాలపు ఇంటి గదికి ఇరుకు మెట్లే దారి, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కింది గదిని ముందే అడగడం మంచిది. ఉదయపు ఫలహారం తృప్తిగా పెట్టారు. శాకాహారులకు రాత్రి సూపు, రొట్టె తప్ప పెద్దగా దొరకలేదు, వంటశాలలూ త్వరగా మూసేశారు. అయినా ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లిపోయే బదులు రెండు రాత్రులు ఉండమనే చెబుతాను, ఎందుకంటే 422 మీటర్ల నడిమి కొండ ఎక్కడానికి ఒక పూట ప్రత్యేకంగా కావాలి. పైనుంచి మఠం, ట్వీడ్ నది వంపు, రోమన్ కోట ఉండిన పొలాలు ఒకే చూపులో కనిపించాయి.