నాలుగు కెమెరాల ‘ఏఐ’ కిట్: విజయనగరం కొట్లవాళ్లు డిస్కు మార్పించుకునే కొనండి

బట్టల కొట్లకీ కల్యాణ మండపాలకీ ముఖాలు గుర్తుపట్టే ‘ఏఐ’ పేరుతో అమ్ముతున్న సీసీ కెమెరాల కిట్ ఇది. నాలుగు 4 మెగాపిక్సెల్ కెమెరాలు, ఒక రికార్డరు, 1 టీబీ హార్డ్‌డిస్కు. బొమ్మ స్పష్టంగా ఉంది, రాత్రిపూట కూడా ఫర్వాలేదు. చిక్కంతా డిస్కుతోనే.

ఒక్కో కెమెరా 4 ఎంబీపీఎస్ (సెకనుకి 4 మెగాబిట్లు) చొప్పున రికార్డు చేస్తే రోజుకి 43 జీబీ, నాలుగింటికీ 173. ఆరో రోజుకే పాతది చెరిగిపోవడం మొదలవుతుంది. జనం గుమిగూడే చోట్ల ఫుటేజీ 30 రోజులు ఉంచాలని రాష్ట్ర ప్రజాభద్రత చట్టం 2013లోనే చెప్పింది. పైడితల్లమ్మ సిరిమాను రద్దీలో గొలుసు పోయినావిడ పది రోజుల తర్వాత వస్తే చూపించడానికేమీ ఉండదు. బిట్‌రేటు, అంటే సెకనుకి రికార్డయ్యే డేటా, 2 ఎంబీపీఎస్‌కి దించి, ఆగకుండా రికార్డు చేయడానికే చేసిన 4 టీబీ సర్వైలెన్స్ డిస్కు వేయించుకోండి. నెలకి 2.6 టీబీ పడుతుంది.

ముఖగుర్తింపు సంగతి. గుమ్మం మీద పదడుగుల ఎత్తున బిగిస్తే నడినెత్తే పడుతుంది, ఏడడుగులు చాలు. వీధి వెలుతురు వెనకనుంచి కొట్టి ముఖం నల్లబడుతుంటే మెనూలో డబ్ల్యూడీఆర్ (వెలుగునీడల తేడాని సర్దేది) ఆన్ చెయ్యండి. ఇంతా చేసినా, జాబితాలోని ముఖంతో కలిసిందని అలారం మోగితే మనిషిని నిలబెట్టొద్దు. అది చెప్పేది పోలిక మాత్రమే. కొట్టుకొచ్చేవాళ్ల ముఖాల జాబితా అసలు పెట్టుకోకపోవడమే మేలు. డేటా రక్షణ చట్టం, 2023లోని 17వ సెక్షన్ దేశభద్రత కోసం కేంద్రం నోటిఫై చేసిన సంస్థలకి మినహాయింపునిస్తుంది, కొట్టు యజమానికి ఇవ్వదు. భద్రత లేక డేటా బయటికి పొక్కితే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు. 

కొనేముందు పెట్టె మీది ఆర్-నంబరు (బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు) భారత ప్రమాణాల సంస్థవారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, మోడల్ నంబరు కూడా కలుస్తోందో చూడండి. కెమెరా ద్వారా బయటివాళ్లు లోపలికి తొంగిచూడకుండా 2025 ఏప్రిల్ 9 నుంచి భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు. ‘పాత స్టాకు, తగ్గించి ఇస్తా’నంటే వద్దనండి. కెమెరాలు బిగించిన రోజే పాస్‌వర్డు మార్చాలి.

కరెంటు పోయొచ్చాక రికార్డరు గడియారం వెనక్కి జరుగుతుంది, నెట్ టైముకి కలిపి ఉంచండి. పోలీసులు రాతపూర్వకంగా అడిగితే కాపీతోపాటు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని తేల్చే వేలిముద్రలాంటి కోడ్) రాసిన, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం కూడా ఇవ్వాలి. ఆ హ్యాష్ ఈ రికార్డరు తీసివ్వదు, కంప్యూటరులో తీసుకోవాలి.