పర్సెపొలిస్‌లో రాణుల జాడ: షిరాజ్ బసగా రెండు రోజులు

ఇరాన్‌లోని పాత పర్షియన్ రాజధాని పర్సెపొలిస్ శిథిలాల్లో మెట్ల పక్క గోడల మీది శిల్పాల్లో కప్పం తెచ్చేవాళ్లు, సైనికులు, గుర్రాలు, ఒంటెలు వందల్లో ఉంటారు. ఆడమనిషి మాత్రం ఒక్కరూ కనబడరు. ఎలామ్ ప్రాంతపు బృందం తోలుకొచ్చే సింహం ఆడది, అంతే. పర్షియాను ఏలిన అఖమనీషియన్ వంశపు రాణుల కోసం వెళ్లేవాళ్లకు ఈ సంగతి ముందే తెలియకపోతే రోజంతా ఎండలో తిరిగి ఉసూరుమంటూ రావాల్సిందే.

బసకు షిరాజే మేలు. పర్సెపొలిస్ అక్కడికి 60 కి.మీ., కారులో గంట ప్రయాణం. పాత ఇళ్లను మార్చి కట్టిన బసలు చూడముచ్చటగా ఉంటాయి కానీ సందుల్లోకి కారు రాదు, పెట్టె మోసుకెళ్లాలి. వాకిలి చుట్టూ గదులు కావడంతో రాత్రి మాటలన్నీ లోపలికే వినిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లిఫ్టున్న మామూలు హోటల్ చూసుకోవడం మంచిది. మన వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచేయవు, మొత్తం డబ్బు నోట్లలోనే పట్టుకెళ్లాలి. ధర తొమాన్లలో చెబుతారు, నోటు మీద రియాల్ ఉంటుంది. తొమానంటే 10 రియాళ్లు. టాక్సీ మాట్లాడేటప్పుడు గొడవలన్నీ ఇక్కడే.

గేటు తెరిచే వేళకే చేరాలి, వేదిక మీద నీడ తక్కువ. చాలామంది అపదానా అనే పెద్ద సభామండపంతో మొదలుపెట్టి, మ్యూజియం దగ్గరికొచ్చేసరికి నీరసిస్తారు. రాణుల విషయంలో ఈ వరుస తిరగేయాలి. దక్షిణం వైపు బాగుచేసి నిలబెట్టిన ఆ మ్యూజియం భవనాన్నే గైడ్లు ‘జెర్క్సీస్ అంతఃపురం’ అంటారు. అది తవ్వకందారులు పెట్టిన పేరు, రాణులు అక్కడే ఉండేవారనడానికి గట్టి ఆధారం లేదు. అక్కడ దొరికిన శాసనం మాత్రం అసలు సరుకు. డేరియస్‌కు వేరే కొడుకులున్నా ఆ రాజు తననే తర్వాతివాడిగా చేశాడని ఆయన కొడుకు జెర్క్సీస్ చెప్పుకున్నాడు. శాసనంలో తల్లి పేరు లేదు. ఆమె అటోస్సా, ఈ సామ్రాజ్యాన్ని స్థాపించిన కైరస్ కూతురు. క్రీ.పూ. 522లో గద్దెనెక్కిన డేరియస్ కైరస్ కూతుళ్లు ఇద్దరినీ, మనుమరాలినీ పెళ్లాడాడు. ఆ ఇంటి ఆడపిల్లలు వేరే మగాళ్ల చేతికి పోతే వాళ్ల కొడుకులూ గద్దె అడుగుతారు మరి.

రాణులు నిజంగా కనిపించేది మట్టిపలకల్లో. 1933-34లో కోట గోడలో దొరికిన ఎలామైట్ భాషలో రాసిన ఈ లెక్కలు క్రీ.పూ. 509-493 నాటివి. అటోస్సా చెల్లెలు ఇర్తష్దునకు 100 గొర్రెలు, 200 మర్రిష్‌ల ద్రాక్షసారా ఇమ్మని ఆజ్ఞలున్నాయి. ఒక మర్రిష్ సుమారు 10 లీటర్లు. ఇర్దబమ అనే రాచస్త్రీకి సొంత ముద్ర, వందల కూలీలు, షిరాజ్ వైపు పొలాలు ఉండేవి. పరదా చాటు రాణి అన్న ఊహ ఈ లెక్కల ముందు నిలవదు. పలకలు చాలాకాలం షికాగోలో ఉండి విడతలవారీగా తిరిగొచ్చాయి. తెహ్రాన్ జాతీయ మ్యూజియానికి ఒక పూట కేటాయిస్తే బాగుంటుంది. కైరస్ రాజధాని పసర్గదేలో దొరికిన నగలూ అక్కడే.

పర్సెపొలిస్ నుంచి అదే కారులో దగ్గరే ఉన్న నక్ష్-ఎ-రుస్తమ్ (రాజుల సమాధులు తొలిచిన కొండ) చూసి, పసర్గదే వెళ్లొచ్చు. మూడింటికీ కలిపే బేరమాడాలి, పసర్గదే సంగతి తర్వాత మాట్లాడితే దూరం పేరు చెప్పి పెంచుతారు. పసర్గదేలోని కైరస్ సమాధిని శతాబ్దాలపాటు స్థానికులు ‘సొలొమోను తల్లి సమాధి’ అన్నారు. సమయం లేకపోతే పసర్గదే వదిలేసినా ఫర్వాలేదు, నక్ష్-ఎ-రుస్తమ్ వదలొద్దు. అక్కడ తర్వాతి కాలపు ససానియన్ వంశపు రాజు నర్సెహ్ శిల్పంలో ఎదురుగా నిలబడ్డ స్త్రీ అనాహిత దేవత అని కొందరు, రాణి షాపూర్‌దుఖ్తక్ అని కొందరు.

అఖమనీషియన్ల మరో రాజధాని సూసా ఈ రెండు రోజుల్లో ఇమడదు. క్రీ.పూ. 324లో అలెగ్జాండర్ తన సేనానులకు పర్షియన్ కన్యలతో సామూహిక వివాహాలు చేసింది అక్కడే. ఆ పెళ్లిళ్లలో ఎక్కువ నిలవలేదంటారు. సెల్యూకస్ అనే సేనాని మాత్రం భార్య అపమాతో ఉండిపోయాడు, వాళ్ల కొడుకే తర్వాత రాజయ్యాడు. ఆ పెళ్లి గుర్తు శిథిలాల్లో ఏదీ లేదు, స్తంభాల మొదళ్లే మిగిలాయి. సూసా ఉన్న ఖుజెస్తాన్‌లో వేసవి 50 డిగ్రీలకు చేరుతుంది. వెళ్తే డిసెంబరు, ఫిబ్రవరి మధ్యే.