గంట మోగేదాకా చదవడమా, అధ్యాయం ముగిసేదాకా కూర్చోవడమా?

చదువును రేపటికి వాయిదా వేసే అలవాటును మాన్పించుకోవడానికి గ్రూప్-2 వంటి పోటీ పరీక్షల అభ్యర్థులకు ప్రధానంగా రెండు పద్ధతులు అందుబాటులో ఉన్నాయి. మొదటిది 1980ల చివర్లో ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో రూపొందించిన పొమొడోరో: గంట మోగేలా పెట్టుకుని 25 నిమిషాలు చదవడం, 5 నిమిషాలు విరామం తీసుకోవడం, 4 విడతల తర్వాత మరికాస్త ఎక్కువసేపు సేదతీరడం. రెండోది, ఎంచుకున్న అధ్యాయం ముగిసేదాకా లేవకపోవడం.

పుస్తకం తెరవడానికే మనసొప్పని రోజున మొదటిదే మేలని నా గట్టి నమ్మకం. ఎందుకంటే ప్రాథమిక హక్కుల అధ్యాయమంతా చదవాలంటే బెంబేలెత్తే మనసు, 12వ అధికరణంతో మొదలుపెట్టి గంట మోగేదాకా చదివితే చాలంటే ఒప్పుకుంటుంది. అయితే ఆ గంట కోసం ఫోన్‌నే వాడితే, దాన్ని ఆపబోయి వాట్సాప్ సందేశాల్లోకి జారిపోయే ప్రమాదం ఉంది కనుక, బల్లమీద మామూలు అలారం గడియారం పెట్టుకోవడం మంచిది.

డేటా ఇంటర్‌ప్రిటేషన్ లెక్కల్లో మాత్రం, పట్టికలోని అంకెలు బుర్రలో కుదురుకునే వేళకే గంట మోగి ఆలోచన తెగిపోతుంది కాబట్టి, అక్కడ నా ఓటు రెండో పద్ధతికే. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం లాంటి చోట, చుట్టూ అందరూ చదువుకుంటూ ఉంటారు గనుక, అలా కదలకుండా కూర్చోవడం ఇంట్లోకన్నా సులువు.