హైబ్రిడ్ కారు వెనక రెండు సైకిళ్లు: హిచ్ ర్యాక్‌తో రెండున్నరేళ్లు

మాది గుంటూరు. ఆదివారం తెల్లవారుజామున నేనూ మా అబ్బాయీ కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కడానికి వెళ్తాం. ఇంటి దగ్గర్నుంచే తొక్కుకుంటూ వెళ్లి, కొండెక్కి దిగి, మళ్లీ ఎండలో తిరిగి రావడం పద్నాలుగేళ్ల పిల్లాడికి చాలా ఎక్కువ. అందుకని కొండ కింద దాకా సైకిళ్లు కారులోనే. కారు టొయోటా హైరైడర్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉన్నది. పెద్ద బ్యాటరీ డిక్కీ అడుగున ఉంటుంది, కాబట్టి సైకిల్‌ని లోపల పడుకోబెట్టే వీల్లేదు.

మొదట పట్టీలతో డిక్కీ డోర్‌కి వేలాడదీసే ర్యాక్ కొన్నాను. ఆరు నెలల్లో కొక్కేలు పట్టుకున్న చోటల్లా పెయింట్ లేచింది. మే ఎండకి పట్టీలు బిరుసెక్కాయి. స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, చూపు అద్దం మీదే. టాప్ మీద పెట్టే ర్యాక్ కూడా చూశాను గానీ, 14 కిలోల సైకిల్‌ని తల మీదికి ఎత్తి పెట్టడం వారం వారం చేసే పని కాదు.

చివరికి హిచ్ పెట్టించాను. బంపర్ కింద ఇనుప చట్రం, దాని మధ్యలో చదరపు గొట్టం. ర్యాక్‌కి ఉండే ఇనుప కాడ ఆ గొట్టంలోకి దూరుతుంది. బరువు డోర్ మీద పడదు, బాడీ కింద ఉండే ఇనుప దూలాల మీద పడుతుంది. మా బండికి సరిపోయే రెడీమేడ్ హిచ్ నాకు దొరకలేదు. విజయవాడ ఆటోనగర్‌లో చేయించాను.

మేస్త్రి చెయ్యి తిరిగినవాడే, కానీ బండికే వెల్డ్ చేసేద్దాం అన్నాడు. "నాలుగు టాకాలు వేస్తే ఏనుగు లాగినా ఊడదండీ" అని ధీమా. నేను ఒప్పుకోలేదు. హైబ్రిడ్‌లో ఆరెంజ్ రంగు తొడుగున్న వైర్లన్నీ హై వోల్టేజివి. బ్యాటరీ పక్కన వెల్డింగ్ గానీ, డిక్కీ ఫ్లోర్‌కి డ్రిల్లు గానీ పెట్టనివ్వకండి. బండిని లాగడానికి ఇచ్చే టో హుక్‌కి తగిలిద్దామన్నా వద్దనండి. అది నేరుగా లాగితే తట్టుకునేలా చేసింది, కిందికి వేలాడే బరువు కోసం కాదు. మా చట్రం మొత్తం బల్ల మీదే వెల్డ్ అయింది. కారుకి మాత్రం ముందే ఉన్న రంధ్రాల్లో 12 ఎంఎం, 8.8 గ్రేడ్ (గట్టి ఉక్కు) బోల్టులతో బిగించారు.

అసలు పాఠం ఆ తర్వాత నేర్చుకున్నాను. గొట్టం 60 ఎంఎం బాక్స్ పైపు, మందం 4 ఎంఎం. అంటే లోపల 52 ఖాళీ. ర్యాక్ కాడ రెండంగుళాలు, అంటే 50.8. తేడా ఒకటింబావు మిల్లీమీటరు కూడా లేదు. చేత్తో పట్టుకుంటే బిగుతుగానే అనిపించింది. రోడ్డెక్కాక ఆ కాస్త సందే సైకిల్ హ్యాండిల్ దగ్గర బెత్తెడు ఊపుగా మారింది. మళ్లీ ఆటోనగర్ వెళ్లి గొట్టం పక్కన నట్ వెల్డ్ చేయించి, అందులోంచి బోల్టు తిప్పితే కాడ ఒక గోడకి నొక్కుకునేలా చేయించాను. దాంతో ఊపు పోయింది. ర్యాక్ ఏ కంపెనీదైనా, ముందు ఈ అతుకు చూసుకోండి.

ఎనిమిది నెలలకి చిలకలూరిపేట దాటాక హైవే మీద వెనక టక్ టక్ మని చప్పుడు. పక్కకి ఆపి, కింద పడుకుని చూస్తే ఎడమవైపు నట్ ఒకటి వేళ్లతోనే తిరుగుతోంది. ఒళ్లు చల్లబడింది. వెనక బైకు మీద వచ్చేవాళ్ల మీదికి ఆ సైకిళ్లు పడితే ఏమయ్యేది! ఇప్పుడు అన్నీ నైలాక్ నట్లు, అంటే వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉన్నవి. ప్రతి నట్ మీదుగా చట్రం దాకా పసుపు పెయింట్‌తో ఒక గీత గీశాను. గీత విరిగినట్టు కనిపిస్తే నట్ కదిలినట్టే. బయల్దేరే ముందు టార్చి వేసి అది చూడటం మా అబ్బాయి పని.

ఇబ్బందులు ఉన్నాయి. సైకిళ్లుంటే డిక్కీ తెరుచుకోదు, పంపు, నీళ్లు వెనక సీట్లో పెట్టుకోవాలి. రివర్స్ సెన్సార్లు ఆపకుండా మోగుతాయి, కెమెరాలో టైరు తప్ప ఏమీ కనిపించదు. టెయిల్ ల్యాంపులు, నంబరు ప్లేటు మూసుకుపోకుండా చూసుకోవడం తప్పనిసరి. మా ర్యాక్‌లో ప్లేటు కనిపిస్తుంది గానీ చక్రం ఒక లైటుకి అడ్డొచ్చేది. వెనక అదనంగా ఒక లైటు పెట్టించాను, రిలే ద్వారా, అంటే కారు లైటు వైరు మీద భారం పడకుండా విడిగా కరెంటు ఇచ్చే స్విచ్‌తో. సూర్యలంక బీచ్‌కి వెళ్లొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి, తుప్పు ముందు వెల్డింగ్ అతుకుల దగ్గరే మొదలవుతుంది.

చట్టం సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. బండిని కంపెనీ ఇచ్చిన తీరు నుంచి మార్చడంపై 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు పెడుతుంది. పని మొదలుపెట్టక ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్సు వాళ్లకి మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. సైకిళ్లు లేని రోజు ర్యాక్ తీసి ఇంట్లో పెట్టండి, ట్రాఫిక్‌లో వెనకవాళ్ల మోకాళ్లకి తగులుతుంది.

హిచ్‌కి రెండుసార్లు కలిపి రూ.11,000, ర్యాక్‌కి రూ.24,000 అయింది. హైవే మీద మామూలుగా 22 ఇచ్చే మైలేజీ రెండు సైకిళ్లతో 20 దగ్గర ఉంటోంది. అవసరం నెలకి ఒక్కసారైతే ఇంత ఖర్చు వద్దు. ప్రతి ఆదివారం వెళ్లేవాళ్లకైతే ధైర్యంగా చెబుతాను, పెట్టించుకోండి. మొన్న పక్కింటాయన తన సైకిల్ కూడా తగిలించమన్నారు. ర్యాక్‌తో కలిపి ఇప్పటికే 43 కిలోలు వేలాడుతోంది. కుదరదండీ అని చెప్పి, ముందు చక్రం విప్పి ఆయన సైకిల్‌ని వెనక సీట్లో పెట్టాం.