వాల్పారై వెళ్తే నైట్ రైడ్‌కి మాత్రం డబ్బులు కట్టకండి

తమిళనాడు కొండల్లోని వాల్పారైలో మేం దిగిన లాడ్జి గది బాగానే ఉంది, రోజుకి 3,200, వేడినీళ్లకీ ఇబ్బంది లేదు. నా కోపమంతా ఆ లాడ్జివాళ్లు నైట్ రైడ్ అని మనిషికి 900 తీసుకుని చేసిన పని మీద. జీపులో టీ తోటల మధ్యకి తీసుకెళ్లి, ఏనుగుల గుంపు కనపడగానే దాని మీదకి పెద్ద లైటు కొట్టారు. ముందున్న పెద్ద ఆడ ఏనుగు గిర్రున మా వైపు తిరిగింది, మిగతావి గున్నని మధ్యలో పెట్టుకుని దగ్గరగా చేరాయి, నేను వద్దని అరుస్తున్నా డ్రైవర్ హారన్ కొట్టాడు. అక్క పిల్లాడిని గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది. తర్వాత బావ నిలదీస్తే మేనేజర్ "ఏనుగులు కనిపించాయి కదా సార్" అన్నాడు, ఒక్క రూపాయి తిరిగివ్వలేదు.

ఒకప్పుడు అదంతా అడవే. ఇప్పుడు మిగిలింది టీ తోటల మధ్య ముక్కలు. పగలు ఏనుగులు ఏటి ఒడ్డు చెట్లలో ఉండి, చీకటి పడ్డాక తోటలు దాటతాయి. అందుకే ఏనుగులు దగ్గర్లో ఉంటే వెలిగేలా ఊళ్లలో ఎర్ర లైట్లు పెట్టారు, ఫోన్లకి మెసేజ్‌లు కూడా పంపుతారు. ఆ లైటు వెలిగితే అక్కడివాళ్లు అటువైపు వెళ్లరు, వీళ్లేమో డబ్బు తీసుకుని మమ్మల్ని సరిగ్గా అటే తీసుకెళ్లారు!

వాల్పారై పక్కనే పుదుతోట్టం అనే టీ తోట దగ్గర మాత్రం పైసా ఖర్చు లేకుండా మనసు నిండిపోయింది. సింహవాల కోతులు పశ్చిమ కనుమల్లో తప్ప ఇంకెక్కడా ఉండవు, దట్టమైన అడవిలో అయితే నేల మీదకి దిగడమే అరుదు. ఇక్కడ కొమ్మకి కొమ్మ అందదు కాబట్టి రోడ్డు మీద నడుస్తాయి, ఇళ్ల పైకప్పులు ఎక్కుతాయి. బళ్ల కింద పడకుండా రోడ్డుకి అడ్డంగా పైన వంతెనలు కట్టారు, ఒక తల్లి పిల్లని పొట్టకి హత్తుకుని దాని మీదుగా దాటుతుంటే అక్క ఆ రాత్రి తర్వాత మొదటిసారి నవ్వింది. అక్కడ బళ్లని నెమ్మదించే కాపలా అతను చాలాసేపు ఓపిగ్గా చెప్పాడు: మామూలుగా ఒక గుంపులో 10 నుంచి 20 దాకా, అందులో పెద్ద మగది ఒకటే ఉంటుందట, ఇక్కడ అంతకంటే చాలా పెద్ద గుంపులు, మగవీ ఎక్కువే. ఎదిగిన మగది వేరే గుంపు వెతుక్కుంటూ పోవాలి, చుట్టూ తోటలే అయితే ఎటు పోతుంది?

ఉదయాన్నే వెళ్లండి, బిస్కెట్లు వేయకండి, వేసేవాళ్లని ఆపండి. పొల్లాచ్చి నుంచి బస్సులున్నాయి, ఆళియార్ దాటాక 40 హెయిర్‌పిన్ మలుపులు, పిల్లలుంటే వాంతుల మాత్ర ముందే వేయండి.